టెర్మినల్‌లో రెండు ఫైళ్లను రంగుల్లో పోల్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. అడిగేవాళ్లలో ఇంజినీరింగ్ పిల్లలున్నారు, డీటీపీ చేసేవాళ్లున్నారు, ఆఫీసుల్లో జాబితాలు చూసే ఆపరేటర్లున్నారు, విత్తనాల అంగట్లో ధరల పట్టిక రాసే కుర్రాళ్లున్నారు. అందరి పనీ ఒకటే: నిన్నటి ఫైలుకీ ఈరోజు ఫైలుకీ ఏం మారిందో కళ్లకి కనబడాలి.

ముందే ఒక మాట. టెర్మినల్ అంటే కమాండ్లు కొట్టే కిటికీ, డిఫ్ అంటే రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే కమాండ్, సీఎస్వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైలు. కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టండి, పెద్దబడి కావాల్సిన చోట నేనే చెప్తాను. ఫైలు పేర్లు మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు, లైనక్స్ ఏమీ అనదు.

అన్నా, రెండు ఫైళ్లున్నాయి. తేడా చూడాలంటే ముందు ఏం కొట్టాలి?

డిఫ్ -యు --కలర్ పాత.సీఎస్వీ కొత్త.సీఎస్వీ

పాతది ముందు, కొత్తది తర్వాత. ఈ వరస తప్పితే తీసేసినవి చేర్చినట్టు, చేర్చినవి తీసేసినట్టు కనబడతాయి. వేరుశెనగ విత్తనాల ధరల పట్టిక ఒకటి ఉందనుకోండి (ధరలు ఉదాహరణకే), వచ్చేది ఇలా ఉంటుంది:

--- పాత.సీఎస్వీ
+++ కొత్త.సీఎస్వీ
@@ -1,4 +1,4 @@
 రకం,కిలో ధర
 కదిరి 6,110
-కదిరి 9,105
+కదిరి 9,150
 కదిరి లేపాక్షి,112

మైనస్ ఉన్న వరస ఎర్రగా, ప్లస్ ఉన్నది ఆకుపచ్చగా వస్తుంది. రంగు లేని వరసలు రెండింట్లోనూ ఉన్నవే, చుట్టూ ఏముందో తెలియడానికి పైన మూడు, కింద మూడు చూపిస్తుంది. నడిమధ్య రెండేసి ఎట్ గుర్తులున్న వరసకి అర్థం ఏమిటంటే, పాత ఫైల్లో ఒకటో వరస నుంచి నాలుగు వరసలు, కొత్త ఫైల్లోనూ ఒకటో వరస నుంచి నాలుగు వరసలు ఇక్కడ చూపిస్తున్నాను అని. 105 కాస్తా 150 అయింది చూశారా, ఇలాంటిది కాగితం మీద రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చదివితే దొరకదు, ఎందుకంటే అంకెలు అవే, చోటు మారింది అంతే. ధరల పట్టికైనా, లబ్ధిదారుల జాబితా అయినా మనిషి కంటిని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

-యు లేకుండా కొడితే పాత పద్ధతిలో 3సీ3 అంటూ వస్తుంది. అది మిషన్‌కి సరిపోతుంది, మనకి పనికిరాదు.

కలర్ అనే ఆప్షన్ తెలియదంటోంది. ఏం చేయాలి?

మీ డిఫ్ పాతది. గ్నూ డిఫ్‌యుటిల్స్‌లో ఈ ఆప్షన్ 2016లో వచ్చిన 3.4తో చేరింది. ఉబుంటు 16.04లో ఉన్నది 3.3, కాబట్టి ఇంకా ఆ సిస్టమ్‌లే నడిపే ల్యాబుల్లో ఇది పనిచేయదు. పాత మ్యాక్‌లలోనూ అంతే. అలాంటి చోట కలర్‌డిఫ్ వేసుకోండి, అదొక చిన్న పెర్ల్ స్క్రిప్టు, డిఫ్ ఇచ్చినదానికి రంగులద్ది చూపిస్తుంది. లేదా గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం) ఉంటే ఇలా:

గిట్ డిఫ్ --నో-ఇండెక్స్ పాత.సీఎస్వీ కొత్త.సీఎస్వీ

దీనికి గిట్ రిపాజిటరీ (గిట్ ఆ చరిత్ర దాచే ఫోల్డర్) అక్కర్లేదు, ఏ రెండు ఫైళ్లకైనా పనిచేస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఫైలు మొత్తం ఎర్రగా, మళ్లీ మొత్తం పచ్చగా వస్తోంది. చూస్తే రెండూ ఒకటే. డిఫ్ పాడైందా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ అడిగేది ఇదే, కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. డిఫ్ పాడవలేదు, నిజంగానే ప్రతి వరసా తేడాగా ఉంది, ఆ తేడా మీకు కనబడటం లేదు. ఒక ఫైలు విండోస్‌లో ఎక్సెల్ నుంచి వచ్చి ఉంటుంది, ఇంకోటి లైనక్స్‌లో తయారై ఉంటుంది. విండోస్ వరస చివర రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్ ఒక్కటే పెడుతుంది. ఆ అదనపు గుర్తు తెరమీద కనబడదు గానీ డిఫ్‌కి అదీ ఒక అక్షరమే.

డిఫ్ -యు --కలర్ --స్ట్రిప్-ట్రెయిలింగ్-సీఆర్ పాత.సీఎస్వీ కొత్త.సీఎస్వీ

దీంతో ఆ గుర్తుని పక్కన పెట్టి పోలుస్తుంది. ఎప్పుడూ ఇదే గొడవైతే డాస్2యునిక్స్ అనే చిన్న ప్రోగ్రాంతో ఫైలునే సరిచేసుకోండి, అది మాత్రం ఫైలుని మార్చేస్తుంది కాబట్టి ముందు ఒక కాపీ తీసిపెట్టండి.

మొదటి వరస ఒక్కటే తేడా అని వస్తే అది ఇంకో సంగతి. ఎక్సెల్‌లో సీఎస్వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో బీఓఎం అనే కనబడని గుర్తు ఒకటి పెడుతుంది. రెండో వరస నుంచి అంతా సరిగ్గా ఉండి మొదటిది మాత్రమే రంగు మారితే ఆలోచించకుండా దాన్నే అనుమానించండి.

ఇక -డబ్ల్యు అనే ఆప్షన్ గురించి ఒక హెచ్చరిక. ఖాళీలన్నీ వదిలేయమని చెప్పే ఆప్షన్ ఇది, తేడాలు తగ్గిపోతాయి కాబట్టి అందరికీ ఇష్టం. కానీ ఇది పెట్టాక దానికి "1 50" అన్నా "150" అన్నా ఒకటే. డబ్బు లెక్కలున్న ఫైలు మీద నేనైతే దీన్ని వాడను. వరస చివర ఖాళీలు మాత్రమే వదిలేయాలంటే పెద్దబడి జెడ్ ఉంది, అది చాలు.

నా వరకు అసలు పని ఇదే. రంగు వేయడం తేలిక, అది ఒక్క ఆప్షన్. అబద్ధపు తేడాలు ముందు తీసేయకపోతే మాత్రం నిజమైన ఒక్క తేడా వెయ్యి ఎర్ర వరసల మధ్య ఎక్కడో కూర్చుంటుంది, ఎవరూ చూడరు.

బైనరీ ఫైళ్లు, తేడాగా ఉన్నాయి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నాది తెలుగు టెక్స్ట్ ఫైలే కదా?

టెక్స్టే, కాకపోతే యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే వేరే పద్ధతిలో, సేవ్ అయింది. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని ఉండే ఎంపిక నిజానికి ఇదే. అందులో సున్నా బైట్లు ఉంటాయి కాబట్టి డిఫ్ దాన్ని టెక్స్ట్‌గా లెక్కేయదు. మార్చుకోండి:

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టి యూటీఎఫ్-8 పాత.టెక్స్ట్ > పాత8.టెక్స్ట్

రెండో ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో కూడా చూసుకోండి. ఫైల్ అనే కమాండ్ ఉంది, పేరిస్తే చెప్తుంది.

పేరాలో ఒక్క మాట మార్చాను, పేరా మొత్తానికి రంగు పూసింది. మారిన మాట ఒక్కటే కనబడేదెలా?

డిఫ్ వరసల్ని పోలుస్తుంది, మాటల్ని కాదు. మనం పేరా అంతా ఎంటర్ కొట్టకుండా ఒకే వరసగా రాస్తాం, కాబట్టి దానికి పేరా అంటే ఒక వరస. మాటల దగ్గరికి దిగాలంటే:

గిట్ డిఫ్ --నో-ఇండెక్స్ --కలర్-వర్డ్స్ పాత.టెక్స్ట్ కొత్త.టెక్స్ట్

తీసేసిన మాట ఎర్రగా, దాని పక్కనే కొత్త మాట పచ్చగా, మిగతాదంతా మామూలుగా వస్తుంది. వ్యాసాలు, అర్జీలు, ప్రూఫ్ దిద్దిన కాపీలు చూడటానికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. డబ్ల్యుడిఫ్ అనే పాత ప్రోగ్రాం కూడా ఇదే పని చేస్తుంది.

సీఎస్వీ అయితే ఇంకో చిక్కు. గిట్ మాటల్ని ఖాళీల దగ్గర విడదీస్తుంది, సీఎస్వీలో ఖాళీలు తక్కువ, కామాలెక్కువ. అప్పుడు మాట అంటే ఏమిటో మనమే చెప్పాలి:

గిట్ డిఫ్ --నో-ఇండెక్స్ --కలర్-వర్డ్స్='[^,]+|,' పాత.సీఎస్వీ కొత్త.సీఎస్వీ

కామా కాని అక్షరాల గుంపు ఒక మాట, కామా కూడా ఒక మాట అని దానికి చెప్పినట్టు. చివర ఆ నిలువు గీతా కామా ఎందుకంటారా, అది లేకపోతే మధ్యలో కామాలను గిట్ ఖాళీలుగా లెక్కేసి వదిలేస్తుంది, ఎక్కడైనా ఒక కామా ఎక్కువ పడినా చెప్పదు. కామా ఎక్కువైతే నిలువు వరసలు పక్కకి జరిగిపోతాయి, ధర ఉండాల్సిన చోట ఫోన్ నంబరు వస్తుంది.

అక్షరం అక్షరం పోల్చమని చుక్క పెట్టాను. గుణింతాలు విడిపోయి చుక్కల సున్నాలు వస్తున్నాయి.

--కలర్-వర్డ్స్=. అని కొట్టి ఉంటారు. ఇంగ్లీషుకి బాగుంటుంది, తెలుగుకి పెట్టొద్దు. కంప్యూటర్ లోపల "కి" అంటే ఒక అక్షరం కాదు, క ఒకటి, గుడి ఇంకొకటి. ఒత్తు అయితే పొల్లు, దాని తర్వాత రెండో హల్లు. "కి"ని "కీ" చేస్తే క మారలేదు, గుడి మాత్రమే మారింది అనుకుని గిట్ ఆ రెంటి మధ్యలో రంగు కోడ్ దూర్చేస్తుంది, దాంతో గుడికి ఆనుకోవడానికి హల్లు లేక చుక్కల సున్నా కనబడుతుంది. తెలుగుకి మాటల స్థాయి దగ్గరే ఆగండి. మన మాటలకి ప్రత్యయాలు అతుక్కుని పొడుగ్గా ఉంటాయి కాబట్టి చిన్న మార్పుకీ పెద్ద మాట రంగు మారుతుంది, నిజమే, కానీ చదవడానికి వీలుగా ఉంటుంది.

రంగులతో సంబంధం లేకుండా కూడా చాలా టెర్మినళ్లు ఒత్తులను సరిగ్గా కూర్చలేవు. ఎక్కువ తెలుగు చదవాల్సి వస్తే మెల్డ్ లాంటి కిటికీ ఉన్న ప్రోగ్రాం తెరవడమే మేలు, అందులో అక్షరాలు బాగా కనబడతాయి.

రెండు వరసలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అయినా తేడా అంటుంది. విండోస్ గుర్తులు కూడా తీసేశాను.

తెలుగు ఫైళ్లలో దీనికి రెండు కారణాలు ఎక్కువ. ఒకటి జెడ్‌డబ్ల్యుఎన్‌జె, యూనికోడ్‌లో 200సి నంబరు గుర్తు. "టెర్మినల్‌లో" అని రాసేటప్పుడు ల్ కింద లో ఒత్తుగా దిగకుండా ఆపేది అదే. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు, కొన్ని మాటల్లో అది ఉన్నా లేకపోయినా చూడటానికి తేడా ఉండదు. రెండోది ఐత్వం. "కై"లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం గుర్తూ ఐత్వం కింద తోకా వేరువేరుగా కలిపీ రాయొచ్చు. కళ్లకి ఒకటే, బైట్లు వేరు.

మొదటిదానికి పోల్చేటప్పుడు మాత్రమే తీసేసే దారి ఉంది:

డిఫ్ -యు --కలర్ <(సెడ్ $'ఎస్/\యు200సి//జి' పాత.టెక్స్ట్) <(సెడ్ $'ఎస్/\యు200సి//జి' కొత్త.టెక్స్ట్)

ఇది బ్యాష్‌లో (లైనక్స్ టెర్మినల్‌లో మామూలుగా మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రాం) పనిచేస్తుంది. అసలు ఫైళ్లు చెక్కుచెదరవు, అదే ముఖ్యం, ఎందుకంటే ఆ గుర్తు చాలా చోట్ల అవసరమే, ఫైల్లోంచి పీకేస్తే తెలుగు పాడవుతుంది. ఫలితం తలదగ్గర ఫైలు పేర్ల బదులు /డెవ్/ఎఫ్‌డీ/63 లాంటివి కనబడతాయి, కంగారు పడొద్దు, బ్రాకెట్లలో పెట్టినదానికి బ్యాష్ ఇచ్చిన తాత్కాలిక పేర్లవి.

మండలాల జాబితా పాతదీ కొత్తదీ పోల్చాలి. జిల్లా పేరు మారడంతో ప్రతి వరసా తేడాగానే వస్తోంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయినప్పటి నుంచి మన వైపు ఈ పని తరచుగా వస్తోంది. అనంతపురం నుంచి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయింది, కడప నుంచి రాయచోటి వైపు మండలాలు అన్నమయ్య జిల్లాకి వెళ్లాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాకి 63 మండలాలు. పాత ఫైల్లో అవన్నీ ఒకే చోట ఉంటాయి, కొత్తవి రెండు ఫైళ్లలో ఉంటాయి, జిల్లా కాలమ్ మారిపోయింది, వరుస క్రమం కూడా మారిపోయింది. ఇలాంటిదాన్ని నేరుగా డిఫ్‌కి ఇస్తే రంగుల పేజీలు వస్తాయి తప్ప సమాచారం రాదు.

మీకు కావాల్సిన ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోండి. ఏ మండలమైనా జారిపోయిందా, ఏదైనా రెండుసార్లు వచ్చిందా, పేరు స్పెల్లింగ్ మారిందా, ఇంతే కదా. అయితే జిల్లా కాలమ్‌తో పనిలేదు. మండలం పేరు రెండో కాలమ్‌లో ఉందనుకుంటే:

డిఫ్ -యు --కలర్ <(కట్ -డి, -ఎఫ్2 పాత.సీఎస్వీ | సార్ట్) <(కట్ -డి, -ఎఫ్2 అనంతపురం.సీఎస్వీ సత్యసాయి.సీఎస్వీ | సార్ట్)

కట్ రెండో కాలమ్ ఒక్కటే తీస్తుంది, సార్ట్ రెంటినీ ఒకే క్రమంలో పెడుతుంది. ఇప్పుడు తెరమీద మిగిలేవి కొన్నే వరసలు. "పెనుకొండ" ఎర్రగా, "పెనుగొండ" పచ్చగా. "కల్యాణదుర్గం" ఎర్రగా, "కళ్యాణదుర్గం" పచ్చగా. ఊరు అదే, రాసిన చేయి వేరు. కానీ మిషన్ దృష్టిలో ఒక మండలం పోయి ఇంకో మండలం పుట్టింది, ఆ ఫైలుని వేరే పట్టికతో కలిపినప్పుడు ఆ మండలం లెక్కలన్నీ ఖాళీగా వస్తాయి. జంట లేకుండా ఒంటరిగా ఎర్రగా మిగిలిన పేరు ఉంటే అది నిజంగా జారిపోయిన మండలం, దాన్ని వెంటనే పట్టుకోండి. ఒంటరిగా పచ్చగా ఉంటే రెండు కొత్త ఫైళ్లలోనూ పడిందేమో చూడండి.

రెండూ పక్కపక్కన చూపించదా?

-వై పెట్టండి. నిలువు గీత ఉంటే ఆ వరస మారింది, కుడి ఎడమ బాణాలు ఒకవైపే ఉన్న వరసలకి. వెడల్పు పెద్దబడి డబ్ల్యుతో ఇవ్వాలి, -డబ్ల్యు 160 లాగా. తెలుగులో అక్షరం వెడల్పు లెక్క తప్పి రెండో భాగం వంకరగా కనబడొచ్చు. ఐసీడిఫ్ అనే పైథాన్ ప్రోగ్రాం ఇదే పనిని రంగుల్లో చేస్తుంది.

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు సార్.

రంగులు మార్చుకోవచ్చు, దీని గురించి అడగడానికి ఎవరూ మొహమాటపడొద్దు. గ్నూ డిఫ్‌లో:

డిఫ్ -యు --కలర్ --ప్యాలెట్='ఏడీ=1;34:డీఈ=1;33' పాత.సీఎస్వీ కొత్త.సీఎస్వీ

ఏడీ అంటే చేర్చినవి, ఇక్కడ నీలం. డీఈ అంటే తీసేసినవి, పసుపు. ముందున్న 1 అంటే లావు అక్షరం. గిట్‌కైతే కలర్.డిఫ్.ఓల్డ్, కలర్.డిఫ్.న్యూ అనే సెట్టింగులు ఒక్కసారి మార్చితే చాలు. ల్యాబుల్లో పాఠం చెప్పేవాళ్లు కూడా ప్రొజెక్టర్ మీద చూపించేటప్పుడు ఇవే రంగులు పెడితే మంచిది, పాత ప్రొజెక్టర్ల మీద ఆకుపచ్చ ఎలాగూ వెలిసిపోతుంది.

పేజీ పేజీగా చూపించే లెస్ కమాండ్‌లోకి పంపితే రంగు పోతోంది.

అవతల టెర్మినల్ లేదని తెలిస్తే డిఫ్ రంగు ఆపేస్తుంది. --కలర్=ఆల్వేస్ అని బలవంతం చేసి, లెస్‌కి పెద్దబడి ఆర్ ఇవ్వండి. ఫైల్లోకి దాచుకునేటప్పుడు మాత్రం ఆల్వేస్ వద్దు, రంగు కోడ్లు కూడా ఫైల్లోకి చేరి ఆ తర్వాత ఆ మార్పుల్ని ఫైలుకి చేర్చే ప్యాచ్ కమాండ్ దాన్ని అర్థం చేసుకోలేదు.

డెల్టా, డిఫ్టాస్టిక్ అని ఏవేవో చెప్తున్నారు. ఏది వేసుకోమంటారు?

ప్రోగ్రాములు రాసేవాళ్లైతే డెల్టా వేసుకోండి. వరసలో మారిన ముక్కని విడిగా ముదురు రంగులో చూపిస్తుంది, కోడ్‌కి భాషని బట్టి రంగులిస్తుంది, గిట్‌కి పేజర్‌గా (ఫలితాన్ని తెరమీద చూపించే ప్రోగ్రాంగా) పెట్టుకోవచ్చు. డిఫ్టాస్టిక్ ఇంకో అడుగు ముందుకేసి కోడ్ నిర్మాణాన్నే పోలుస్తుంది, బ్రాకెట్ కింద వరసకి దించితే దాన్ని మార్పుగా లెక్కేయదు. కానీ పరీక్ష రాసే ల్యాబులో, వేరేవాళ్ల సర్వర్‌లో ఇవి ఉండవు. మామూలు డిఫ్ -యు చదవడం వచ్చి ఉండాలి, మిగతావి సౌకర్యం.

మార్చింది ఒక చోట, డిఫ్ చూపించేది ఇంకో చోట. ఎందుకని?

మీరు ఏం మార్చారో డిఫ్‌కి తెలియదు. రెండు ఫైళ్లలోనూ అదే క్రమంలో ఉన్న వరసల్ని వీలైనంత ఎక్కువగా పట్టుకుని, మిగిలినవి మార్పులు అంటుంది. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాసిన డిఫ్ 1974లో యునిక్స్ ఐదో ఎడిషన్‌తో వచ్చింది, అప్పటి నుంచీ ఆలోచన అదే. లెక్క వేగంగా చేసే పద్ధతులు మారాయి, ఇప్పుడు గ్నూ డిఫ్, గిట్ వాడేవి యూజీన్ మైయర్స్ 1986లో ప్రచురించిన పద్ధతి మీద ఆధారపడ్డవి. ఒకే రకం వరసలు, ఖాళీ వరసలు, మూసే బ్రాకెట్లు ఎక్కువున్న ఫైల్లో అది తప్పు జంటలు కట్టొచ్చు. గిట్‌లో --పేషెన్స్ గానీ --హిస్టోగ్రామ్ గానీ పెట్టి చూడండి, చాలాసార్లు మనిషి చదువుకునేలా వస్తుంది.

విండోస్‌లో?

సీఎండీలో ఎఫ్‌సీ ఉంది, రంగుల్లేవు. పవర్‌షెల్‌లో డిఫ్ అని కొడితే నడిచేది మనం ఇక్కడ చెప్పుకునే డిఫ్ కాదు, కంపేర్-ఆబ్జెక్ట్ అనే వేరే కమాండ్. గిట్ ఫర్ విండోస్ వేసుకుంటే గిట్ బ్యాష్ వస్తుంది, పైన చెప్పినవి చాలావరకు అందులో నడుస్తాయి. డబ్ల్యుఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) ఉంటే అసలు ఇబ్బందే లేదు.

వర్డ్, పీడీఎఫ్, అను ఫైళ్లు పోల్చొచ్చా?

నేరుగా కుదరదు. వర్డ్ ఫైలు ఒక జిప్, ప్యాన్‌డాక్‌తో టెక్స్ట్ చేసుకుని పోల్చండి. పీడీఎఫ్‌కి పీడీఎఫ్‌టుటెక్స్ట్ ఉంది గానీ తెలుగు పీడీఎఫ్‌ల నుంచి తీస్తే అక్షరాలు తారుమారవుతుంటాయి, రెంటినీ ఒకే ప్రోగ్రాం చేసి ఉంటే తారుమారు కూడా ఒకేలా ఉంటుంది కాబట్టి పోలికకి ఎంతో కొంత పనికొస్తుంది. అను ఫాంట్లలో కొట్టినది యూనికోడ్ కాదు, ముందు రెండు ఫైళ్లనీ ఒకే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఒకటి ఒక కన్వర్టర్‌తో, ఇంకోటి ఇంకోదానితో మారిస్తే ఆ కన్వర్టర్ల మధ్య తేడాలే కనబడతాయి.

గిట్‌లో తెలుగు ఫైలు పేర్ల బదులు అంకెలు వస్తున్నాయి.

"ప" కనబడాల్సిన చోట \340\260\252 అని వస్తుంది కదా. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, గిట్ వాటిని విడివిడిగా రాసి చూపిస్తోంది. గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్ అని ఒక్కసారి కొట్టండి, పేర్లు తెలుగులోనే వస్తాయి.

ఫోల్డర్లకి?

డిఫ్ -ఆర్‌క్యూ పాతఫోల్డర్ కొత్తఫోల్డర్. ఏ ఫైళ్లు మారాయో, ఏవి ఒకవైపే ఉన్నాయో చెప్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి కూడా ఇదే.

స్క్రిప్టులో పెడితే తేడా ఉన్నప్పుడల్లా స్క్రిప్టు ఆగిపోతోంది.

రెండూ ఒకటైతే డిఫ్ 0 ఇస్తుంది, తేడా ఉంటే 1, ఫైలు దొరకకపోవడం లాంటి ఇబ్బంది వస్తే 2. సెట్ -ఈ పెట్టిన స్క్రిప్టు 1ని కూడా తప్పుగానే తీసుకుని ఆగిపోతుంది. డిఫ్‌ని ఇఫ్ లోపల పెట్టండి. 1నీ 2నీ ఒకే గాటన కట్టొద్దు, ఫైలే లేనప్పుడు "తేడా ఉంది" అని మెయిల్ పోతే అందరికీ టెన్షన్.

మా సార్‌కి టెర్మినల్ తెలియదు. ఈ రంగుల్ని వాట్సాప్‌లో పంపాలంటే?

స్క్రీన్‌షాట్ వద్దు, పొడుగు ఫైలైతే పది బొమ్మలవుతాయి. ఏహెచ్‌ఏ అనే చిన్న ప్రోగ్రాం టెర్మినల్ రంగుల్ని హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది:

డిఫ్ -యు --కలర్=ఆల్వేస్ పాత.సీఎస్వీ కొత్త.సీఎస్వీ | ఏహెచ్‌ఏ > తేడా.హెచ్‌టీఎంఎల్

ఆ ఫైలు పంపండి, ఫోన్‌లో బ్రౌజర్‌తో తెరుచుకుంటుంది, ఒత్తులు కూడా టెర్మినల్ కంటే బాగా కనబడతాయి. పంపేముందు ఫైల్లో ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్ల కాలమ్‌లు ఉంటే కట్‌తో తీసేసి పంపండి. ఎర్రది పాతది, పచ్చది కొత్తది అని పైన ఒక ముక్క రాయండి, ఆయన మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన పనుండదు.